ఎలక్ట్రానిక్ ఔషధ నిర్వహణ

ఎలక్ట్రానిక్ ఔషధ నిర్వహణ అనగా రోగికి మందు రాయడం, రాసిన మందును సరిచూసి ఇవ్వడం, రోగి దానిని వాడడం, దాని ఫలితాన్ని గమనించడం అనే నాలుగు దశలనూ కంప్యూటరు ద్వారా నమోదు చేసి నడిపే పద్ధతి. మందుల చీటీని కంప్యూటరులో టైపు చేయడం ఇందులో ఒక చిన్న భాగం మాత్రమే. ఒక రోగి వాడుతున్న మందులన్నీ, అతని రక్త పరీక్షల ఫలితాలు, అతనికి సరిపడని మందుల వివరాలు ఒకేచోట ఉండి, అతనికి వైద్యం చేసే ప్రతి ఒక్కరికీ అవసరమైనప్పుడు కనిపించేలా చేయడమే దీని అసలు లక్ష్యం.

అనేక మంది వైద్యుల దగ్గరకు, అనేక ఊళ్ళ ఆసుపత్రులకు తిరిగే దీర్ఘకాలిక రోగులకు ఈ పద్ధతి ఎక్కువగా ఉపయోగపడుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు ఇందుకు మంచి ఉదాహరణ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో చాలా మందుల మోతాదు మార్చవలసి ఉంటుంది, కొన్ని మందులు అసలు వాడకూడదు. అందువలన ఈ వ్యాసంలోని ప్రధాన భావనలు ఆ ప్రాంతపు పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని వివరించబడ్డాయి.

నేపథ్యం: ఉద్దానం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కోస్తాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అనే మాట నుండి ఈ పేరు వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఇది ప్రసిద్ధి. జీడిపప్పు పరిశ్రమకు పలాస కేంద్రం.

ఈ ప్రాంతంలో కొన్ని దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అసాధారణ స్థాయిలో కనిపిస్తున్నది. మధుమేహం, అధిక రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారికి కూడా వ్యాధి రావడం దీని ప్రత్యేకత. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం, పరీక్షించిన పెద్దలలో సుమారు 18 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తెలిపింది. తాగునీరు, ఎండలో శ్రమించేటప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగు మందులు, నొప్పి మాత్రల వాడకం వంటి అనేక అంశాలను పరిశోధకులు పరిశీలించారు. అయితే ఏ ఒక్కటీ కారణంగా ఇంకా నిర్ధారణ కాలేదు.

టెక్కలి, పలాస, సోంపేట, కవిటి, హరిపురం ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలసిస్ కేంద్రాలు ఏర్పడ్డాయి. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి, కిడ్నీ పరిశోధన కేంద్రానికి 2019 సెప్టెంబరు 6న శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరు 14న అవి ప్రారంభమయ్యాయి.

ఈ ప్రాంతపు రోగి సాధారణంగా ఒకే వైద్యుని దగ్గర ఆగడు. ఊరిలోని ఆర్.ఎం.పి., ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పలాస లేదా టెక్కలి ఆసుపత్రి, శ్రీకాకుళం లేదా విశాఖపట్నంలోని పెద్దాసుపత్రి, సరిహద్దు అవతల ఒడిశాలోని బరంపురం - ఇలా వివిధ చోట్లకు వెళ్తుంటాడు. ప్రతిచోటా ఒక కొత్త చీటీ పుడుతుంది. ఆ చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో రోగితో పాటు తిరుగుతాయి. ఒక చీటీ పోయినా, తడిసినా, చదవడానికి వీలుకాకపోయినా తర్వాతి వైద్యుడికి ఆ సమాచారం అందదు.

చరిత్ర

మందుల విషయంలో జరిగే పొరపాట్లు ఒక్కొక్క వ్యక్తి అజాగ్రత్త వల్ల మాత్రమే కాక, పని జరిగే పద్ధతిలోని లోపాల వల్ల కలుగుతాయనే ఆలోచన 1990లలో బలపడింది. అమెరికాలోని బోస్టన్ నగరపు బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో వైద్యులు మందులను కంప్యూటరు ద్వారా రాసే పద్ధతి ప్రవేశపెట్టిన తరువాత తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గినట్లు 1998లో ఒక అధ్యయనం తెలిపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్చిలో "హాని లేని ఔషధ వినియోగం" అనే అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం ప్రారంభించింది. నివారించదగిన తీవ్రమైన హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించడం దాని లక్ష్యం. ప్రమాదం ఎక్కువగా ఉండే పరిస్థితులు, ఒకేసారి అనేక మందుల వాడకం, రోగి ఒక చోటు నుండి మరొక చోటుకు మారే సందర్భం అనే మూడింటిపై దృష్టి పెట్టాలని ఆ సంస్థ సూచించింది. ఉద్దానం రోగుల విషయంలో ఈ మూడూ కలిసి వస్తాయి.

భారతదేశంలో ఈ మార్పు దశలవారీగా వచ్చింది. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2013లో ప్రకటించి 2016లో సవరించింది. 2016లోనే భారత వైద్య మండలి తన నిబంధనలను సవరించి, వైద్యులు మందుల జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంత వరకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో రాయాలని ఆదేశించింది. 2019 నవంబరులో ఆరోగ్య ఉపకేంద్రాల నుండి దూరవైద్యం అందించే ఇ-సంజీవని మొదలైంది, దానిని ముందుగా అమలు చేసిన రాష్ట్రం ఆంధ్ర ప్రదేశ్. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకాలు, ఫోను లేదా వీడియో ద్వారా చూసినప్పుడు ఏ మందులు రాయవచ్చో, ఏవి రాయకూడదో పట్టికలుగా విభజించాయి. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా ప్రారంభమైంది.

ప్రధాన భావనలు

మందుల పట్టిక

రోగి ప్రస్తుతం వాడుతున్న మందులన్నిటి జాబితాయే ఈ వ్యవస్థకు పునాది. ప్రతి మందుకూ జనరిక్ పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటి నుండి, ఎందుకోసం, ఎవరు రాశారు అనే వివరాలు ఉండాలి. ఆపివేసిన మందులను కూడా, ఆపిన కారణంతో సహా, భద్రపరచాలి. లేకపోతే ఒక వైద్యుడు హాని కలిగిందని ఆపిన మందును మరొక వైద్యుడు తెలియక తిరిగి మొదలుపెట్టవచ్చు.

చీటీలో లేని మందులు కూడా ఈ పట్టికలోకి రావాలి. మందుల షాపులో అడిగి కొనుక్కున్న నొప్పి మాత్రలు, ఆర్.ఎం.పి. ఇచ్చిన సూదిమందు, నాటు మందులు ఈ కోవకు చెందుతాయి. తోట పనిలో నడుము, కీళ్ళు నొప్పి పుట్టిన మనిషి కొనుక్కునే డైక్లోఫెనాక్ వంటి మాత్ర మూత్రపిండాలకు రక్త ప్రసరణను తగ్గిస్తుంది. ఆరోగ్యవంతునికి అప్పుడప్పుడు వాడితే పెద్ద ప్రమాదం లేకపోయినా, మూత్రపిండాలు దెబ్బతిన్నవానికి అది హానికరం. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ లోని మందు, చట్టప్రకారం వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. ఆచరణలో అది తేలికగా దొరుకుతుంది, దొరికిన మాత్ర ఏ కంప్యూటరులోనూ నమోదు కాదు.

ఎలక్ట్రానిక్ చీటీ

ఎలక్ట్రానిక్ చీటీలో వైద్యుడు మందు పేరును ఒక జాబితా నుండి ఎంచుకుంటాడు. దీనివలన చేతిరాత సమస్య తొలగిపోతుంది. మోతాదు, ఎన్ని రోజులు అనే గడులు నింపకుండా చీటీ పూర్తికాదు. అయితే జాబితాలో ఒకదాని కింద ఒకటిగా ఉండే, దాదాపు ఒకేలా కనిపించే పేర్లలో ఒకదానికి బదులు మరొకదాన్ని నొక్కే ప్రమాదం కొత్తగా ఏర్పడుతుంది.

చీటీపై సూచనలు రోగికి అర్థం కావాలి. బి.డి., టి.డి.ఎస్., ఎస్.ఓ.ఎస్. వంటి సంకేతాలు వైద్య సిబ్బందికే తెలుస్తాయి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో 1-0-1 అని రాసే పద్ధతి కొంత మేలు. కంప్యూటరు ఇదే సూచనను "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత" అని తెలుగులో ముద్రించగలదు. సరిహద్దు మండలాలలో ఒడియా మాట్లాడేవారు కూడా ఉన్నందున ఆ భాషలోనూ ముద్రించగలగడం ఉపయోగకరం.

నిర్ణయ సహాయం

వైద్యుడు మందు రాస్తున్నప్పుడే కంప్యూటరు దానిని సరిచూసి హెచ్చరించడాన్ని నిర్ణయ సహాయం అంటారు. రోగికి సరిపడని మందు, రెండు మందుల మధ్య విరోధం, ఒకే మందు రెండు పేర్లతో రాయడం, మోతాదు మించడం వంటివాటిని ఇది పట్టుకుంటుంది. మూత్రపిండాల వ్యాధిలో దీని ముఖ్యమైన పని పనితీరుకు తగినట్లు మోతాదును లెక్కించడం.

మూత్రపిండాల పనితీరును రక్తంలోని క్రియాటినిన్ ద్వారా అంచనా వేస్తారు. కాని క్రియాటినిన్ సంఖ్య ఒక్కటే చూస్తే పొరబడే అవకాశం ఉంది. అందువలన వయసు, స్త్రీపురుష భేదం కూడా లెక్కలోకి తీసుకొని ఇ.జి.ఎఫ్.ఆర్. అనే సంఖ్యను గణిస్తారు. 2021లో వెలువడిన సి.కె.డి.-ఎపి సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.8 ఉన్న ముగ్గురి ఫలితాలు సుమారుగా ఇలా ఉంటాయి:

* 30 ఏళ్ళ పురుషుడు - 51
* 55 ఏళ్ళ పురుషుడు - 44
* 55 ఏళ్ళ స్త్రీ - 33

ఈ సంఖ్య 30 నుండి 59 వరకు ఉంటే వ్యాధి మూడవ దశ, 15 నుండి 29 వరకు నాల్గవ దశ, 15 కంటే తగ్గితే ఐదవ దశ. పై ముగ్గురి పరీక్ష కాగితంపై ఒకే అంకె ఉన్నా, మూడవ వ్యక్తి నాల్గవ దశకు చాలా దగ్గరలో ఉన్నది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను ఇ.జి.ఎఫ్.ఆర్. 30 కంటే తగ్గినప్పుడు వాడకూడదు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, కొన్ని యాంటీబయాటిక్స్ మోతాదును పనితీరును బట్టి తగ్గించాలి. రద్దీగా ఉండే ఓ.పి.లో ప్రతి రోగికీ ఈ లెక్క చేతితో కట్టడం కష్టం, కంప్యూటరుకు అది క్షణం పని. అయితే ఇది అంచనా మాత్రమే. కండ తక్కువగా ఉన్న బక్కపలచని మనిషిలో అసలు పనితీరు అంచనా కంటే తక్కువగా ఉండవచ్చు.

మూడు మందులు కలిసినప్పుడు కలిగే ప్రమాదం మరొక ఉదాహరణ. రక్తపోటుకు టెల్మిసార్టాన్, వాపు తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేసే మాత్ర, నొప్పికి డైక్లోఫెనాక్ - ఈ మూడూ కలిస్తే మూత్రపిండాలు అకస్మాత్తుగా దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. మొదటి రెండూ ఒక వైద్యుడు, మూడవది మరొకరు ఇచ్చినప్పుడు ఎవరి చీటీలోనూ తప్పు కనిపించదు. మూడూ ఒకే పట్టికలో ఉంటేనే హెచ్చరిక వస్తుంది.

మందుల సరిపోల్పు

రోగి ఆసుపత్రిలో చేరినప్పుడు, వార్డు మారినప్పుడు, ఇంటికి వెళ్ళినప్పుడు, మరొక ఆసుపత్రికి పంపినప్పుడు పాత పట్టికను కొత్త చీటీతో పోల్చి చూడడాన్ని మందుల సరిపోల్పు అంటారు. ప్రతి మందు విషయంలోనూ కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా అనే నిర్ణయం తీసుకొని నమోదు చేయాలి. ఉదాహరణకు విశాఖపట్నంలో చికిత్స పొంది సోంపేటకు తిరిగి వచ్చిన రోగి, కొత్త చీటీలోని అమ్లోడిపిన్‌తో పాటు ఇంట్లో మిగిలిన వేరే కంపెనీ అమ్లోడిపిన్‌ను కూడా వేసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. డబ్బాలపై పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. జనరిక్ పేరుతో నమోదు చేస్తే ఈ రెండూ ఒకటేనని కంప్యూటరు గుర్తిస్తుంది. సరిపోల్పుకు అన్నిటికంటే మంచి సాధనం, ఇంట్లోని మందులన్నీ సంచిలో వేసుకొని తెమ్మని రోగికి చెప్పడం.

ఇచ్చిన మందుల నమోదు

ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఏ మందు, ఎంత, ఎప్పుడు, ఎవరికి ఇచ్చిందో అప్పటికప్పుడు నమోదు చేయడం మరొక భాగం. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదు సూత్రాలను నర్సింగు విద్యలో బోధిస్తారు. రోగి చేతి పట్టీపైన, మందుపైన ఉన్న బార్ కోడ్‌లను చదివే యంత్రం ఈ ఐదింటిని సరిచూడడంలో తోడ్పడుతుంది. ఇటువంటి పద్ధతి వల్ల, సమయపు తేడాలు మినహాయించి, మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు సుమారు 41 శాతం తగ్గినట్లు 2010లో ఒక అమెరికన్ అధ్యయనం తెలిపింది. భారతదేశంలో 2023 ఆగస్టు 1 నుండి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందులపై క్యూ.ఆర్. కోడ్ తప్పనిసరి అయింది.

నిల్వల నిర్వహణ

చీటీ ఎంత సరిగ్గా ఉన్నా మందు లేకపోతే ప్రయోజనం లేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందుల నిల్వల నిర్వహణకు సి-డాక్ సంస్థ ఇ-ఔషధి అనే వ్యవస్థను తయారుచేసింది. దీనిని మొదట 2011లో రాజస్థాన్‌లో వాడారు. ఆంధ్ర ప్రదేశ్‌లో రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ మందులు కొని జిల్లా కేంద్ర ఔషధ గిడ్డంగుల ద్వారా ఆసుపత్రులకు పంపుతుంది. ఇక్కడ కూడా ఇ-ఔషధి వాడుకలోకి వచ్చింది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏ ఆసుపత్రిలో ఎంత నిల్వ ఉందనే వివరాలు ఇందులో తెలుస్తాయి. గడువు ముందుగా ముగిసే మందును ముందుగా వాడడం, ఒక బ్యాచ్ నాసిరకమని తేలితే అది ఎక్కడెక్కడికి వెళ్ళిందో వెతికి వెనక్కి రప్పించడం దీనివలన సాధ్యం.

నిల్వల వ్యవస్థ, రోగి రికార్డు వేర్వేరు అని గమనించాలి. మొదటిది గిడ్డంగిలో ఎన్ని మాత్రలు ఉన్నాయో చెబుతుంది, రెండవది ఒక మనిషి ఏ మాత్ర వేసుకుంటున్నాడో చెబుతుంది. ఈ రెండూ కలిస్తేనే ఒక డయాలసిస్ కేంద్రానికి వచ్చే నెల ఎన్ని ఎరిత్రోపోయిటిన్ సూదిమందులు కావాలో ముందుగా లెక్కకట్టడం వీలవుతుంది.

గుర్తింపు సంఖ్య, ప్రమాణాలు

ఒక ఆసుపత్రి కంప్యూటరులోని సమాచారం మరొక ఆసుపత్రిలో కనిపించాలంటే ఇద్దరూ ఒకే రోగి గురించి, ఒకే భాషలో మాట్లాడాలి. మొదటిదానికి 14 అంకెల ఆభా సంఖ్య ఉపయోగపడుతుంది. రెండవదానికి వ్యాధులకూ మందులకూ ప్రామాణిక సంకేతాలిచ్చే స్నోమెడ్ సి.టి., సమాచారం పంపే రూపాన్ని నిర్ణయించే ఫైర్ వంటి ప్రమాణాలు ఉన్నాయి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు ఒకే ఊళ్ళో అనేకులు ఉండడం సాధారణం కాబట్టి, పేరుతో మాత్రమే వెతికితే ఒకరి రికార్డు మరొకరికి తగిలే ప్రమాదం ఉంది.

డయాలసిస్ రోగుల మందులు

డయాలసిస్ చేయించుకునే రోగి సాధారణంగా వారానికి రెండు లేదా మూడుసార్లు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు యంత్రంపై ఉంటాడు. అతని మందులలో కొన్ని ఇంట్లో, కొన్ని కేంద్రంలో ఇస్తారు. అందువలన రెండింటినీ ఒకే పట్టికలో ఉంచడం అవసరం. గమనించవలసిన అంశాలు:

* రక్తం గడ్డకట్టకుండా యంత్రంపై ఇచ్చే హెపారిన్ మోతాదు, రక్తస్రావం జరిగిన వివరాలు.
* రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపోయిటిన్, ఇనుము సూదిమందులు. హిమోగ్లోబిన్ ఫలితాన్ని బట్టి వీటి మోతాదు మారుతుంది, అతిగా పెరగడం కూడా మంచిది కాదు.
* ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచే మాత్రలు. ఇవి భోజనంతో పాటు వేసుకుంటేనే పనిచేస్తాయి.
* రక్తపోటు మాత్రలు. డయాలసిస్ సమయంలో రక్తపోటు పడిపోయే రోగులకు ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వేరుగా చెప్పాలి.
* అమికాసిన్ వంటి యాంటీబయాటిక్స్. డయాలసిస్‌లో ఇవి బయటకు పోతాయి కాబట్టి సాధారణంగా డయాలసిస్ ముగిసిన తరువాత ఇస్తారు.

రోగి ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి మారినప్పుడు ఈ వివరాలు అతనితో పాటు వెళ్ళకపోతే కొత్త కేంద్రం మొదటి నుండి అంచనా వేసుకోవలసి వస్తుంది.

పరిమితులు

కంప్యూటరు కొత్త రకం పొరపాట్లను కూడా తెస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిగిన అధ్యయనం ఇటువంటి వ్యవస్థ వల్ల కలిగే 22 రకాల ప్రమాదాలను 2005లో గుర్తించింది. హెచ్చరికలు మరీ ఎక్కువైతే వైద్యులు వాటిని చదవకుండానే దాటవేస్తారు. దీనిని హెచ్చరికల అలసట అంటారు. వైద్యులు 49 నుండి 96 శాతం వరకు హెచ్చరికలను పక్కన పెడుతున్నట్లు 2006లో వచ్చిన ఒక సమీక్ష తెలిపింది. కాబట్టి హెచ్చరికలు కొద్దిగా, ముఖ్యమైనవిగా ఉండాలి. ఉద్దానం వంటి చోట తప్పనిసరిగా ఉండవలసిన హెచ్చరిక, ఇ.జి.ఎఫ్.ఆర్. తగ్గిన రోగికి నొప్పి మాత్ర రాసినప్పుడు వచ్చేది.

సాధనం ఒక్కటే ఫలితాన్ని ఇవ్వదని ఆంధ్ర ప్రదేశ్‌లోనే జరిగిన ఒక ప్రయోగం చూపింది. పశ్చిమ గోదావరి జిల్లాలో స్మార్ట్‌హెల్త్ పేరుతో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన అధ్యయనంలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ కంప్యూటరు సహాయంతో గుండెజబ్బు ప్రమాదం ఉన్నవారిని గుర్తించి వైద్యుల దగ్గరకు పంపారు. 2019లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. ప్రమాదాన్ని గుర్తించడం ఒక మెట్టు. ఆ తరువాత మందు అందడం, రోగి దానిని విడవకుండా వాడడం వేరే మెట్లు.

విద్యుత్తు, నెట్‌వర్కు మరొక పరిమితి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం వద్ద తీరాన్ని దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ వ్యవస్థ కూడా తీవ్రంగా దెబ్బతిన్నది. అటువంటి సమయంలో మందుల వివరాలు కంప్యూటరులో మాత్రమే ఉంటే అవి అందవు. అందువలన నెట్‌వర్కు లేకపోయినా పనిచేసే ఏర్పాటు, రోగి దగ్గర ఉండే ముద్రిత మందుల పట్టిక తప్పనిసరి.

గోప్యత

మందుల పట్టిక చూస్తే ఒక మనిషి వ్యాధి ఏమిటో తెలిసిపోతుంది. వ్యాధి ఉన్న కుటుంబాలకు పెళ్ళి సంబంధాల విషయంలోనూ, పని దొరకడంలోనూ ఇబ్బందులు కలగవచ్చు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. డిజిటల్ మిషన్ పద్ధతిలో రికార్డు ఒకచోట నుండి మరొకచోటుకు వెళ్ళడానికి రోగి సమ్మతి అవసరం, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. భారతదేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. చదువు రాని రోగి ఫోనుకు వచ్చిన ఓ.టి.పి.ని మరొకరికి చెప్పడం ద్వారా ఇచ్చే సమ్మతి ఎంతవరకు నిజమైన సమ్మతి అనేది ఆలోచించవలసిన విషయం. రికార్డును ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదయ్యే ఏర్పాటు దుర్వినియోగాన్ని కొంతవరకు అరికడుతుంది.

రోగి, కుటుంబం పాత్ర

ఈ వ్యవస్థలో అన్ని చోట్లా ఉండే ఏకైక వ్యక్తి రోగి. వైద్యులు మారినా, ఆసుపత్రులు మారినా, మందులు వేసుకునేది అతడే. కాబట్టి తన మందుల పేర్లు, తన చివరి క్రియాటినిన్ ఫలితం అతనికో, ఇంట్లో ఒకరికో తెలిసి ఉండడం మంచిది. మందుల షాపులో ఏ మాత్ర అడిగినా ముందుగా "మూత్రపిండాల జబ్బు ఉంది" అని చెప్పడం, ఆశా కార్యకర్త లేదా ఏ.ఎన్.ఎం. ఇంటికి వచ్చినప్పుడు బయట కొన్న మందులను కూడా చూపించడం ఎలక్ట్రానిక్ రికార్డును నిజానికి దగ్గరగా ఉంచుతాయి. రికార్డులో నమోదు కాని మందు గురించి ఏ కంప్యూటరూ హెచ్చరించలేదు.

ఇవి కూడా చూడండి

* ఉద్దానం
* పలాస
* టెక్కలి
* మూత్రపిండము
* డయాలసిస్
* జనరిక్ మందులు